మట్టి వేసినవారు

మా ఇంట్లో ఎవరికైనా నెలలు నిండాయంటే మా నాయన సంచి సర్దుకుంటాడు. రెండు లుంగీలు, రెండు బనీన్లు, షుగర్ గోలీలు, కళ్లద్దాల డబ్బా. సంచి భుజాన వేసుకుని చిరాగ్‌పల్లి బస్సెక్కుతాడు. అక్కడ ఆయన పాత దోస్తు ఉన్నాడు. ఇద్దరూ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. కాన్పు అయిపోయి, తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారని ఫోను వస్తేగానీ మా నాయన అక్కణ్ణుంచి కదలడు.

నేను పుట్టినప్పుడూ అంతేనట. అప్పటికింకా ఈ దోస్తు లేడు కాబట్టి కోహీర్‌లో ఎవరిదో జామతోటకు కాపలా కాస్తానని వెళ్లి అక్కడే ఉండిపోయాడట. "మీ నాయిన నిన్ను ఎత్తుకునేటాల్లకు నీకు మెడ నిలిచింది బిడ్డా" అని మా అమ్మ బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది. ఆయన వినీ విననట్టు బీడీ వెలిగించుకునేవాడు. అమ్మ పోయాక నాయన నా దగ్గరే ఉంటున్నాడు.

ఈమధ్య నా కూతురు మొదటి కాన్పుకి జహీరాబాద్ వచ్చింది. తాతంటే దానికి ప్రాణం. తొమ్మిదో నెల వచ్చాక ఒకరోజు ఆయన సంచి దులపడం చూసింది.

"తాతా, ఈసారి ఎటూ పోవద్దు. నా పిల్లని మొదలు నువ్వే ఎత్తుకోవాలె" అంది.

"నాకొద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు. బాలింతల మీద నా నీడ పడొద్దు" అన్నాడు ఆయన, చాలా మామూలుగా, ఉప్పు ఎక్కువైందన్నట్టు.

అది ఏడ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ మొద్దుబారిన గొంతుతో ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాను. "పో నాయినా, పో. ఆడ్నే ఉండు. పిల్ల పెండ్లికి రా" అన్నాను. ఆయన నిజంగానే వెళ్లిపోయాడు. నా అరుపులు విని విని ఆయన చెవులు ఎప్పుడో కాయలు కాశాయి.

ఆయన చెయ్యి మంచిది కాదని ఎవరన్నారు? ఒక బడిపంతులు అన్నాడు. మా నాయనమ్మకు మా నాయన ఒక్కడే కొడుకు. ఆమె పోయాక మా తాత పిల్లవాణ్ణి తీసుకుని, కోహీర్ అవతలి ఊరు వదిలి, రోడ్డు పనికి జహీరాబాద్ వచ్చాడు. ఇక్కడే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొన్నాళ్లకే ఆయనా పోయాడు. మా నాయనను పెంచింది ఆ మారుతల్లే. కథల్లో సవతి తల్లి కాదు, తన ముద్ద తీసి పిల్లవాడికి పెట్టిన మనిషి. కానీ ఆమెకు మొదటి భార్య ముఖం కూడా తెలియదు. తాత నోరు విప్పి ఏదీ చెప్పే మనిషి కాడు. ఆమె పిల్లవాణ్ణి బడిలో వేయడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని, బాప్తిస్మం కాగితాన్ని, బైబిల్లో పెట్టుకుని తీసుకెళ్లింది. పంతులు కాగితం మీది తారీకును పుట్టిన తారీకుగా రాసుకున్నాడు. తర్వాత ఊరికే బైబిలు తిరగేశాడు. చివరి పేజీలో మా నాయనమ్మ పేరు, దాని కింద ఒక తారీకు. రెండు తారీకులూ ఒకటే.

"అరే, నువ్వు పుట్టిన్నాడే మీ అమ్మ సచ్చిందిరా. తల్లిని మింగి పుట్టినవ్" అన్నాడట, క్లాసులో అందరి ముందూ. ఆ రోజు నుంచి బడిలో మా నాయన పేరు అదే. నేనూ టీచర్నే. ఆ పంతులు గనక ఇవాళ బతికి ఉంటే, వయసు కూడా చూడకుండా కాలర్ పట్టుకునేదాన్ని.

మా నాయన పుట్టినరోజున అన్నం తినడు. మంచినీళ్లు తాగి, మధ్యాహ్నం దాకా గోడవైపు తిరిగి పడుకుంటాడు. చిన్నప్పుడు మాకు కేకులు కోయించిన మనిషి తనకు ఒక చాక్లెట్ కూడా ఇవ్వనిచ్చేవాడు కాదు.

ఆయన వెళ్లిన మర్నాడు పొద్దున నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె దేనితో పోయిందో కోహీర్ అవతలి ఆ ఊరి చర్చి మరణాల పుస్తకంలో రాసి ఉంటుంది కదా. జ్వరమో, పాము కాటో అని ఉంటే ఆ కాగితం తెచ్చి ఆయన ముఖం మీద పెట్టొచ్చు. కాన్పు అని ఉంటే? అప్పుడు నోరు మూసుకుని ఇంటికి రావాలి. ఎవరికీ చెప్పకూడదు. ఆ భయంతోనే వెళ్లాను.

అల్లం తవ్వుతున్న రోజులు. ఆటోలో పోతుంటే ఎర్ర చేలల్లోంచి ఘాటైన వాసన. ఊళ్లో చర్చి ముందు క్రిస్మస్ నక్షత్రం ఇంకా దింపలేదు. పాస్టరు బీదర్‌లో ఏదో మీటింగుకు వెళ్లాడు. పాస్టరమ్మ, నా కూతురి కంటే కొంచెం పెద్దది, జొన్నరొట్టెలు కొడుతూ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. విషయం చెప్పాను.

"సర్టిఫికెట్ల కోసం వస్తరు గని, నాయనమ్మ కోసం ఎవ్వరు రాలే టీచరమ్మా" అంది. చేతులు కడుక్కుని చర్చి తలుపు తీసింది. రేకు పెట్టె తెరవకముందే చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసింది. దొరికినా దొరకకపోయినా ఈ అక్క మనసు చిన్నబుచ్చుకోవద్దని దేవుణ్ణి అడిగింది. నాకు ఓపిక తక్కువ. ఆమెన్ కొంచెం ముందే అనేశాను.

పుస్తకాలు రెండు. ఒకటి బాప్తిస్మాలది, ఒకటి మరణాలది. మరణాల పుస్తకం రాసింది అప్పటి ఉపదేశి. ఉపదేశి అంటే ఊళ్లోనే ఉండి ఆదివారం వాక్యం చెప్పి, చావుకీ జబ్బుకీ ప్రార్థన చేసే మనిషి. అక్షరాలు గుండ్రంగా, గీత గీసినట్టు ఉన్నాయి. చనిపోయినవారి పేరు, ఇంటివారు, జబ్బు. తర్వాత 'నీళ్లు పోసినవారు' అని ఒక గడి, అంటే శవానికి స్నానం చేయించినవాళ్లు. చివర 'మట్టి వేసినవారు' అని ఇంకొకటి. మావాళ్లలో పెట్టెను గుంతలో దింపాక దగ్గరివాళ్లు తలా పిడికెడు మట్టి వేస్తారు. ఆ ఉపదేశి వాళ్ల పేర్లు కూడా రాసుకున్నాడు.

ఆ తారీకు వెతికాను. ఆ రోజు ఊళ్లో ఎవరూ చనిపోలేదు. ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను. లేదు. నాకు ఒళ్లు మండింది. బాప్తిస్మాల పుస్తకం లాక్కున్నాను. అందులో మా నాయన పేరుంది, తారీకు సరిగ్గానే ఉంది. కానీ ఆయన పేరుకు పైనా అదే తారీకు, కిందా అదే తారీకు. పేజీ నిండా అదే. ఒకే తల్లి పేరు వరసగా మూడుసార్లు వచ్చింది, ముగ్గురు పిల్లలకు. వాళ్లు ముగ్గురూ ఒకే కాన్పు పిల్లలైనా కావాలి, లేదా ఆ తల్లి మనిషైనా కాకూడదు.

"గిదేంది అమ్మగారూ? ఒక్కనాడే ఇంతమంది పుట్టిన్రా?"

ఆమె నవ్వింది. "పుట్టింది ఎన్నడో. అయ్యగారు వచ్చింది ఆనాడు. అప్పట్ల పాస్టర్ బీదర్ దిక్కు నుంచి ఎడ్లబండి మీద వచ్చేటోడు. నిజాం రాజ్యం పోయేటప్పుడు గొడవలల్ల ఏండ్లకేండ్లు రాలేదంట. వచ్చిన దినమే పిల్లలకు బాప్తిస్మాలు, పెండ్లిండ్లు, మధ్యల పోయినోళ్లకు ఆదరణ ప్రార్థన, అన్ని చేసి పోయేటోడంట. మా అత్తమ్మ చెప్తుండె."

చాప మీద అట్లాగే కూర్చుండిపోయాను. బైబిల్లో ఆమె పేరు కింద ఉన్నది ఆమె పోయిన రోజు కాదు, ఆమె కోసం ప్రార్థన చేసిన రోజు. కాగితం మీదున్నది మా నాయన పుట్టిన రోజు కాదు, నెత్తిన నీళ్లు చల్లిన రోజు. బండి దిగిన పాస్టరు ఒకే పూట రెండు పనులూ ముగించుకుని పోయాడు. ఆ రెండూ ఒకే తారీకు కావడం వల్ల ఒక పిల్లవాడు జీవితమంతా తల్లిని మింగినవాడయ్యాడు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నిజం తారీకులు రెండూ తెలియవు, అంతే. రెండూ ముందెప్పుడో, కాన్పులోనే, ఒకే రోజు జరిగి ఉండొచ్చు కూడా. లెక్క ఇంకా తేలలేదు. పాస్టరు అంతకుముందు వచ్చిన కాలం నుంచి మరణాల పుస్తకం ఒక్కో గీతా చదవడం మొదలుపెట్టాను.

ఆమె చావు కోసం వెతుకుతుంటే ఆమె పేరు ముందు వేరే చోట కనిపించింది. ఎవరో ముసలామె పోయింది. నీళ్లు పోసినవారు అన్న గడిలో మా నాయనమ్మ పేరు, పక్కన తాత పేరు, ఫలానా వాడి భార్య అని. కొన్ని పేజీల తర్వాత ఒక ఆడపిల్ల. నీళ్లు పోసింది మళ్లీ ఆమే. తర్వాత దగ్గుతో పోయిన ఒక తల్లి. మళ్లీ ఆమే. ఊళ్లో ఏ ఆడమనిషి కన్నుమూసినా మా నాయనమ్మను పిలిచేవారన్నమాట. ఆ ఉపదేశి పొదుపుగా రాసే మనిషే అయినా అప్పుడప్పుడు అంచున ఒక మాట రాసేవాడు. ఒకచోట 'వాగు దాటి వచ్చింది' అని ఉంది. ఇంకొకచోట, రోడ్డు పక్కన చనిపోయిన ఊరూ పేరూ లేని స్త్రీకి, 'ఎవరూ ముట్టలేదు. ఈమె ముట్టింది' అని ఉంది.

ఒక్క ఫోటో కూడా లేని మనిషి. ఎత్తో పొట్టో, నలుపో తెలుపో మాకు తెలియదు. మా ఇంట్లో ఆమె గురించి ఉన్న ఒకే మాట 'కాన్పులో పోయింది' అన్నది. ఇప్పుడు ఆమె నీళ్ల బిందె పట్టుకుని వాగు దాటుతోంది. నాకు తెలియకుండానే ఏడ్చాను. పాస్టరమ్మ లేచి వెళ్లి అల్లం చాయ్ పెట్టుకొచ్చింది.

చాయ్ తాగుతూ పేజీ తిప్పాను. ఒక స్త్రీ మరణం. నీళ్లు పోసినవారి గడిలో వేరే ఎవరి పేరో ఉంది. అంచున ఉపదేశి రాశాడు: 'ఎప్పుడూ పోసే ఆమె బాలింత.'

మావాళ్లలో బాలింత చావు ఇంటికి పోదు, శవాన్ని ముట్టదు. ఇప్పటికీ అంతే. ఆమెకు పుట్టింది ఒక్కడే. అంటే ఆ బిడ్డ మా నాయన. ఆమె బాలింతగా ఇంట్లో ఉంది. బతికే ఉంది. కానీ బాలింతలు కూడా పోతారు కదా, ఆ కాలంలో మరీను. కప్పు కింద పెట్టి గబగబా తిప్పాను. తర్వాతి మరణానికి ఆమె లేదు. ఆ తర్వాతి దానికీ లేదు. ఆ తర్వాత ఒక వానాకాలపు చావు దగ్గర ఆమె పేరు మళ్లీ వచ్చింది. అంచున ఉపదేశి విసుగు కూడా ఉంది: 'పిల్లవాణ్ణి చంకన వేసుకుని వచ్చింది. వాడి ఏడుపుతో ప్రార్థన సాగలేదు.'

ఆ మాట పైకి చదివి పగలబడి నవ్వాను. పాస్టరమ్మ కూడా నవ్వింది. బక్కచిక్కిన ఆ ఉపదేశీ, తల్లి చంకలో గుక్కపట్టిన మా నాయనా కళ్లకు కట్టినట్టు కనిపించారు. ఆ ఏడుపు గొంతు ఆయనకు ఇప్పటికీ ఉంది. టీవీ రిమోట్ దొరక్కపోతే వినిపిస్తుంది.

అక్కణ్ణుంచి చాలా పేజీల దాకా ఆమె ఉంది. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, మళ్లీ ఎండలు. 'బాలింత' అన్న మాట నుంచి దాదాపు మూడేళ్లు. పాస్టరు బండి దిగిన రోజుకు నాలుగైదు పేజీల ముందు ఆమె పేరు మొదటి గడిలోకి వచ్చింది. జబ్బు: జ్వరం. నీళ్లు పోసినవారు: వాడలోని స్త్రీలందరూ. మట్టి వేసినవారు: భర్త, కొడుకు.

కొడుకు. అప్పుడే పుట్టిన పసిగుడ్డు మట్టి వేయదు. నడిచి గుంత దాకా వెళ్లి, వంగి, పిడికిలి బిగించగల పిల్లవాడు వేస్తాడు.

ఫోన్లో అన్ని పేజీలకూ ఫోటోలు తీసుకున్నాను. ఇంటికి పోలేదు. తిన్నగా చిరాగ్‌పల్లి వెళ్లాను. నాయనా, దోస్తూ హైవే మీద పోయే లారీలు చూస్తూ మంచం మీద కూర్చుని ఉన్నారు. వాళ్లిద్దరికీ అదే టీవీ.

"ఏమైంది బిడ్డా? పిల్లకు మంచిగనే ఉందా?" అని నాయన అదిరిపడి లేచాడు.

"పిల్లకు మంచిగనే ఉంది. నువ్వు కూసో" అని అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు కోప్పడ్డాడు. చర్చి పుస్తకాలు ఎవరు తీయమన్నారన్నాడు. చచ్చినోళ్లను ఎందుకు కదిలిస్తవన్నాడు. నేను ఫోను ఆయన చేతిలో పెట్టి అక్షరాలు పెద్దవి చేశాను. కళ్లద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, వేలు పెట్టి చదివాడు. వేలు తగిలి ఫోటో అటూ ఇటూ జరిగిపోతుంటే దోస్తు పట్టుకున్నాడు.

"మట్టి ఏసినోళ్లు, భర్త, కొడుకు" అన్నాడు. "కొడుకంటే నేనేనా?"

"ఇంకెవరున్నరు నాయినా, ఆమెకు?"

లారీలు పోతూనే ఉన్నాయి. నాయన నా వైపు తిరిగాడు. నా తండ్రి ముఖం అట్లా విప్పారడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

"గట్లయితే నేను మా అమ్మను చూసిన" అన్నాడు. "బిడ్డా, మా అమ్మ నన్ను చూసింది. ఎత్తుకుంది."

"చంకల ఏసుకోని ఊరంత తిప్పింది. ఉపదేశికి చెవులు పోయినయ్ నీ ఏడ్పుకు."

ఆయన ఏడ్చాడు. చిన్నపిల్లవాడిలా, ముక్కు చీదుతూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు. దోస్తు ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కాసేపయ్యాక నెమ్మదిగా అందుకున్నాడు.

"అరే భాయ్, అంటే నువ్వు కాగితం మీది కంటే మూడేండ్లు పెద్దోనివి. ఫ్యాక్టరీకి మూడేండ్లు ఎక్కువ నౌకరీ చేసినవ్. ఇంగ కాన్పు కాన్పుకు పారిపోయొచ్చి నా ఇంట్ల తిన్న రొట్టెల సంగతేంది? అన్ని ఉత్తగనే తిన్నవ్ గద!"

మా నాయన ఏడుపులోనే నవ్వాడు. బడిలో అందరికంటే తానే పొడుగని, వెనక బెంచీలో కూర్చోబెట్టేవారని చెప్పాడు. తనది తిండి పుష్టి అనుకున్నాడట.

"మరి నీ పుట్టినరోజు ఎన్నడు చేద్దాం నాయినా? ఆ తారీకు నీది కాకపాయె" అన్నాను.

"ఎన్నడైతేంది? మా అమ్మకు ఎర్కనే గద" అన్నాడు.

ఆ పూట సంచి నేనే సర్దాను. బస్సులో కిటికీ దగ్గర కూర్చుని దారి పొడుగునా ఆ ఫోటోలే చూశాడు. రోడ్డు పక్కన పోయిన ఆ స్త్రీ దగ్గర ఆగి, 'ఈమె ముట్టింది' అన్న మాటను మళ్లీ మళ్లీ చదివాడు. తర్వాత తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటివైపే చూశాడు. నేను చూడనట్టు కిటికీ బయటికి తిరిగాను.

వారం తిరక్కుండానే నా కూతురికి నొప్పులొచ్చాయి. దవాఖానకు ఆయనే ముందు ఆటో ఎక్కాడు. కాన్పు గది బయట బెంచీ మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, నర్సులందరినీ విసిగించాడు. ధైర్యం మొత్తం వచ్చిందని చెప్పను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ గోడకు ఒదిగిపోయేవాడు. "నాయినా, ఫికర్ చెయ్యకు" అంటే, "నాకేం ఫికర్ లేదు" అని గొణిగేవాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. లోపలికి రమ్మన్నాక నా కూతురు బిడ్డను నాకు ఇవ్వలేదు. "తాతకే" అంది. ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఇంత వయసు వచ్చినా పురిటి గుడ్డును ఎత్తుకోవడం రాదు. తల కింద చెయ్యి ఎట్లా పెట్టాలో నేనే చూపించాను.

బిడ్డ కళ్లు మూసుకుని నిద్రపోతోంది. మా నాయన దాన్ని గుండెకు హత్తుకోలేదు, ముద్దూ పెట్టలేదు. మంచం దగ్గరికి వంగి, దాని ముఖం తల్లి ముఖానికి ఎదురుగా వచ్చేట్టు పట్టుకున్నాడు.

"కండ్లు తెరువు బిడ్డా" అన్నాడు మెల్లగా. "గీమెనే మీ అమ్మ. మంచిగ చూడు. నేను గూడ చూసిన గని, యాదికి లేదు."